పల్లంలో సన్న పిట్ట

ఆ ఏడు గడ్డి కోతలకు ముందు మా అత్తయ్య "తెలియదు" అనడం మానేసింది.

ఇంకెవరైనా అయితే ఇది చెప్పుకోదగ్గ సంగతే కాదు. కానీ మా అత్తయ్య ఉద్యోగం పచ్చిక బయళ్ళలో పిట్టల్ని లెక్కపెట్టడం. ఆ ఆఫీసులో అందరికంటే ఎక్కువసార్లు "తెలియదు" అన్న మనిషి ఆవిడే. అందుకని వెనకాల ఆవిణ్ణి "తెలియదమ్మ" అని పిలుచుకునేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. "పేరు బాగుంది, మార్చకండి" అని ఓసారి వాళ్ళ మొహానే చెప్పింది.

గడ్డిలో తిరిగే పిట్టలతో చిక్కేమిటంటే, అన్నీ మట్టిరంగే. అందులోనూ రెండు పిట్టలున్నాయి. పుస్తకంలో వాటికి నోరు తిరగని పేర్లు రాసి ఉంటాయి గానీ, మేం ఒకదాన్ని పొలం పిట్ట అనీ రెండోదాన్ని సన్న పిట్ట అనీ అనుకునేవాళ్ళం. అదే వీపు, అవే రొమ్ము మీది చారలు, అదే తెల్లంచు తోక. సన్న పిట్ట రవ్వంత చిన్నది. ఆ రవ్వంత కనపడాలంటే రెండూ పక్కపక్కన నిలబడాలి, అవేమో నిలబడవు. మంచుకు తడిస్తే పొలం పిట్ట చిన్నదైపోతుంది. ఈకలు పొంగించుకుంటే సన్న పిట్ట పెద్దదైపోతుంది. ఎండ వెనకనుంచి పడితే రెండూ నల్లగానే ఉంటాయి. అసలు తేడా గొంతులో ఉంది. పొలం పిట్ట తెంపి తెంపి, గట్టిగా కూస్తుంది. సన్న పిట్టది చెవిలో సూది దూర్చినట్టుండే కూత. మొదలుపెట్టిందంటే ఊపిరి తీసుకోదు. ఆ కూత వినకుండా దానికి పేరు పెట్టకూడదు. పైగా ఇద్దరు కలిసి నడవాలి, ఇద్దరూ ఒప్పుకుంటేనే పేరు. ఒక్కరికి అనుమానం ఉన్నా "తెలియదు" కిందికి పోతుంది. ఇది ఆఫీసు పెట్టిన నియమమే అయినా మా అత్తయ్య తను కనిపెట్టినట్టే మాట్లాడేది.

ఆవిడ జోడీ నేను. అత్తాకోడళ్ళు ఒక్క మాట మీద ఉండాలని జీతమిచ్చి మరీ కోరిన ఆఫీసు ప్రపంచంలో అదొక్కటే అయ్యుంటుంది.

మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. నగరంలో పని దొరికిందని వెళ్ళాడు, వెళ్ళి అక్కడే ఇంకొకరితో కాపురం పెట్టాడు. ఆ మాట నాకు ఫోన్‌లో చెప్పలేక వాళ్ళమ్మకు చెప్పాడు. నాకు పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. అత్తయ్య నన్ను వెళ్ళమనలేదు, ఉండమనీ అనలేదు. కొన్నాళ్ళు నా వాలకం చూసింది. తన పాత జోడీ మోకాళ్ళ నొప్పులని మానేసిన రోజున బూట్లు తెచ్చి నా ముందు పడేసింది. "ఎంతసేపు చూసినా గోడలు గుడ్లు పెట్టవే. లేచి పిట్టల్ని చూద్దువుగాని, రా" అంది.

అలా మొదలైన జోడీ. పొద్దున పొగమంచులో గేటు దాటితే మళ్ళీ ఎండెక్కేదాకా మేమిద్దరమే. గాలి, గడ్డి, మధ్యమధ్య ఒక కంచె. ఆవిడ ముందు, నేను వెనక. ఇంట్లోనూ అంతే, రెండు గదులు, రెండు కంచాలు. మా ఆయన పేరు ఎత్తేవాళ్ళం కాదు. నెలకోసారి ఫోన్ వస్తే ఆవిడ పెరట్లోకి పోయి మాట్లాడేది, నేను కుళాయి తిప్పుకుని గిన్నెలు కడిగేదాన్ని. శుభ్రంగా ఉన్న గిన్నెలు కూడా కడిగేదాన్ని. ఒంటరితనం అంటే ఇంట్లో ఎవరూ లేకపోవడం అనుకునేదాన్ని అంతకుముందు. పక్కగదిలో ఇంకొక మనిషి కూడా ఒంటరిగా ఉంటే అది రెట్టింపవుతుందని అక్కడే తెలిసింది.

ఆ ఏడు తొలి నడక రోజున, లెక్క కోసం బయల్లో పాతిన నాలుగో గుర్తురాయి దగ్గర సన్న పిట్ట కూత అందుకుంది. ఏడాది తర్వాత మళ్ళీ వినడం కదా, నాకు ఒళ్ళు ఝల్లుమంది. అత్తయ్య వంగి బూటు లేసు కట్టుకుంటోంది. పిట్ట ఆవిడకి నాలుగు మూరల దూరంలో ఉంది. లేచి, బట్టలు దులుపుకుని, "ఈ రాయి దగ్గర ఇంకా ఏం రాలేదే" అంటూ ముందుకు నడిచింది.

నన్ను పరీక్షిస్తోందనుకున్నాను. అలాంటి పరీక్షలు ఆవిడకి అలవాటే.

"అత్తయ్యా, సన్న పిట్ట కదా" అన్నాను.

ఆవిడ ఆగి, వెనక్కి తిరిగి, నా మొహం చూసింది. "ఆ, నువ్వు చెప్తావా లేదా అని చూస్తున్నాను" అంది. ఆ మాట కాస్త ఆలస్యంగా వచ్చింది.

ఆ తర్వాత కొన్ని రోజులకు నేను స్నానం చేసి వచ్చేసరికి వంటింట్లో కెటిల్ ఈల వేస్తోంది. పక్కింటి కుక్క కూడా మొరుగుతోంది దానికి. అత్తయ్య స్టవ్ పక్కనే నిలబడి, గ్లాసు తుడుస్తూ కిటికీలోంచి బయటికి చూస్తోంది. నేను వెళ్ళి స్టవ్ కట్టేశాను.

"అయ్యో, కాగిందా?" అంది.

"ఇప్పుడే కాగింది" అన్నాను. కెటిల్లో చెంచాడు నీళ్ళే మిగిలాయి.

నేను మాట్లాడితే వినపడుతుంది. ఫోన్ వినపడుతుంది, ట్రాక్టర్ వినపడుతుంది, కుక్క వినపడుతుంది. సన్నటి శబ్దాలు మాత్రమే పోయాయి. ఎప్పటినుంచి పోయాయో ఆవిడకే తెలియాలి. అది అర్థమయ్యాక మిగతాదీ అర్థమైంది. ఆ మధ్య ఏ పిట్టను చూసినా టక్కున పేరు చెప్పేస్తోంది. "పొలం పిట్ట. అదీ పొలం పిట్టే. అటుది సన్న పిట్ట, రాసుకో." అనుమానం లేదు, ఆగడం లేదు. వినగలిగినన్నాళ్ళు వినపడలేదని ధైర్యంగా చెప్పింది, ఇప్పుడు భయమేసి అన్నీ తెలిసినట్టు మాట్లాడుతోంది. నేను "తెలియదేమో అత్తయ్యా" అని నసిగితే, "కళ్ళు పెట్టుకుని చూడు, కాళ్ళ రంగు చూడు" అని కసిరేది. రంగు చూసి మోసపోకు, నడక చూడు, గొంతు విను అని నాకు నేర్పింది ఆవిడే. ఇప్పుడు తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

నేనేం అనలేదు. ఎందుకు అనలేదో చెప్తాను. కళ్ళూ చెవులూ కాళ్ళూ బాగున్నన్నాళ్ళే ఆ ఉద్యోగం. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఆఫీసు ఇచ్చిన ఆ క్వార్టర్. అది పోతే అత్తయ్యకు కొడుకు ఇల్లు తప్ప ఇంకో దిక్కు లేదు. ఆ గుమ్మం నేను తొక్కలేను. ఆవిడ చెవుల మీద మా ఇద్దరి ఇల్లు నిలబడి ఉంది. పెళ్ళిచేసుకున్నవాడు వెళ్ళిపోయినా తట్టుకున్నాను గానీ, ఆవిడ కూడా వెళ్ళిపోతే ఆ రెండు గదుల్లో నేనేం చేస్తానో నాకు ఊహ అందలేదు.

అందుకని ఆవిడకి తెలియకుండా ఆవిడ చెవులు నేనయ్యాను. సన్న పిట్ట కూత వినగానే ఏదో కదిలినట్టు చెయ్యి చాపేదాన్ని. "అదిగో, అక్కడేదో లేచింది అత్తయ్యా, సన్నగా ఉన్నట్టుంది." ఆవిడ బైనాక్యులర్ ఎత్తి, చూసి, "సన్న పిట్టే" అనేది. నేను ఒప్పుకునేదాన్ని. కంటికి కనపడ్డంతవరకూ ఈ నాటకం బాగానే సాగింది. ఆవిడకి అనుమానం వచ్చిందో లేదో తెలియదు. ఒక్కోసారి నేను చెయ్యి చాపకముందే నా మొహంలోకి చూసేది. మొహంలో ఏం వెతుకుతోందో అప్పుడు నేను ఆలోచించలేదు.

చివరికి పల్లం మిగిలింది. అది బయలు చివర్న, నీరు నిలిచే చోట మొలిచిన ఒత్తు గడ్డి. మనిషి నడుము దాకా ఉంటుంది. అందులో పిట్ట ఉన్నా కనపడదు. సన్న పిట్టలు గూళ్ళు పెట్టేది అలాంటి చోటే. అవి ఉన్నట్టు తేలితే పిల్లలు ఎగిరేదాకా కోత ఆపాలి. పొలం పిట్టలైతే ఆపక్కర్లేదు, అవి ఎక్కడైనా గూడు పెడతాయి, ఏడాదిలో ఎన్నిసార్లయినా పెడతాయి.

కోత మేస్త్రీ అప్పటికే మిషన్ తెచ్చి గేటు దగ్గర పెట్టాడు. ఆకాశం ఒకవైపు నల్లబడుతోంది. ఆఫీసరు గారు కూడా వచ్చారు. మెత్తని మనిషి, గొడవలు పడవు. ఇద్దరి మధ్యా నలగడానికే ఆ ఉద్యోగంలో చేరినట్టుండేవారు.

"అమ్మా, మీ పిట్టలకి మీరు పేర్లు పెట్టేలోపు నా గడ్డి కుళ్ళిపోతుంది" అన్నాడు మేస్త్రీ. "పాలకేంద్రం వాళ్ళు నా పీక మీద కూర్చున్నారు. అవునంటే అవునను, కాదంటే కాదను. తెలియదని మాత్రం అనకు తల్లీ, దణ్ణం పెడతా."

"అననులే" అంది అత్తయ్య.

నలుగురం పల్లం అంచున నిలబడ్డాం. గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. ఒక మట్టిరంగు పిట్ట లేచి, కాస్త దూరం ఎగిరి, మళ్ళీ గడ్డిలో పడింది. ఇంకోటి కంచె తీగ మీద వాలి, తోక ఊపి, దిగిపోయింది. అత్తయ్య బైనాక్యులర్ దించింది.

"పొలం పిట్టలు" అంది. "అన్నీ అవే. కోసుకోవచ్చు."

మేస్త్రీ అప్పుడే మిషన్ వైపు నడవబోయాడు. గడ్డి లోపలినుంచి సన్న పిట్ట కూస్తోంది. మేం వచ్చినప్పటినుంచీ కూస్తూనే ఉంది. ఒకటి కాదు, కొంచెం అవతల ఇంకోటి దానికి జవాబిస్తోంది. మేస్త్రీకి వినపడినా అది అతనికి ఏదో పురుగు శబ్దం. ఆఫీసరు గారికి ఆ తేడాలు పుస్తకంలోనే తెలుసు.

"కోడలు గారు కూడా చెప్పాలి కదా" అన్నారు ఆయన, నా వైపు తిరిగి. "మీరేమంటారమ్మా?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అవునంటే ఆ గూళ్ళ మీదుగా మిషన్ పోతుంది. కాదంటే మా ఇంటి మీదుగా పోతుంది. నేను ఎవరి మొహమూ చూడకుండా, "నాకు తెలియదండీ" అన్నాను. తెలియదంటే మళ్ళీ ఇంకో రోజు వచ్చి చూడాలి. అప్పటికి వాన పడొచ్చు, కోత వాయిదా పడొచ్చు, ఏదైనా జరగొచ్చు. అంతకు మించి నాకు ఆలోచన తట్టలేదు.

"ఇదేంటమ్మా, అంటువ్యాధా?" అని తల పట్టుకున్నాడు మేస్త్రీ.

అత్తయ్య మాత్రం నావైపు చూస్తోంది. నేను అబద్ధం ఆడినప్పుడు నా మొహం ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. మెల్లిగా నా దగ్గరికి వచ్చింది.

"నీకు తెలియకపోవడమేమిటే?" అంది. కోపంగా అనలేదు. "పాడుతోందా?"

నేను నా బూట్ల వైపు చూశాను.

"నిన్నే. పాడుతోందా?"

"పాడుతోంది అత్తయ్యా."

"ఎక్కడ?"

"మీ కాళ్ళ ముందే."

ఆవిడ కిందికి చూసింది. తల కొంచెం పక్కకు వంచి, అలాగే కొంతసేపు నిలబడింది. గడ్డి గాలికి ఊగింది. మేస్త్రీ ఏదో అనబోతే ఆఫీసరు గారు చెయ్యి అడ్డం పెట్టారు. అత్తయ్య బైనాక్యులర్‌కి మూత పెట్టి, తాడు మెళ్ళోంచి తీసి, దాన్ని మడిచింది.

"సన్న పిట్ట" అంది ఆఫీసరు గారితో. "ఆ అమ్మాయికి వినపడింది. నాకు వినపడలేదు. రెండూ రాసుకోండి."

దారిలో ఆవిడ వెనక నడిచింది. అలా నడవడం అదే మొదటిసారి.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ మర్యాదగానే జరిగాయి. చెవుల డాక్టరు చూసి, వయసుతో వచ్చేదే అన్నాడు. చెవికి మిషన్ పెట్టుకుంటే మాటలు ఇంకా బాగా వినపడతాయి గానీ, పోయిన ఆ సన్న శబ్దాలు మళ్ళీ రావన్నాడు. "మాటలు ఇప్పటికే ఎక్కువ వినపడుతున్నాయి" అంది అత్తయ్య. ఆఫీసరు గారు ఇంటికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, ఆవిడ స్థానంలో నన్ను తీసుకుంటామని, క్వార్టర్ నా పేరు మీదకు మారుస్తామని చెప్పారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పుల కోసం చాలాసేపు వెతుక్కున్నారు. అవి ఆయన కాళ్ళకే ఉన్నాయి.

నేను సంతోషించాను. సిగ్గు లేకుండా సంతోషించాను. ఇల్లు నిలిచింది, ఇక ఆవిడ కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు, నేను వెళ్ళొచ్చి అన్నీ చెప్తాను అనుకున్నాను. అదే మాట భోజనాల దగ్గర అన్నాను కూడా.

"నేను వాడి దగ్గరికి పోతానే" అంది అత్తయ్య.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఎందుకు? ఇల్లు మనకే ఇచ్చారు కదా."

"ఇచ్చారు. బాగానే ఉంది. రోజూ పొద్దున నువ్వు బూట్లేసుకుని పోతుంటే, నేను గుమ్మంలో నిలబడి చూడాలి. ఎండెక్కాక వచ్చి, ఇవాళ అది కూసింది, ఇది కూసింది అని చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు నువ్వు చెప్తుంటే వినాలి. చేతకాదే నాకు." నీళ్ళు తాగింది. "గడ్డి లేని చోట అయితే వినపడనిది ఏదో తెలియదు. అక్కడ ఉండగలను."

"మరి నేను?" అన్నాను.

ఆవిడ కంచంలోకి చూస్తూ మెతుకులు ఒకచోటికి చేర్చింది. నేను గట్టిగానే అన్నాను. ఆ మాట వినపడనంత చెవుడు ఆవిడకి లేదు.

ఆవిణ్ణి తీసుకెళ్ళడానికి మా ఆయన రాలేదు. వ్యాన్ పంపాడు. అందులో ఎక్కించడానికి ఆవిడ సామాను పెద్దగా ఏమీ లేదు. తీరా ఎక్కబోతూ నా భుజం మీద చెయ్యి వేసింది. "రంగు చూసి మోసపోకు" అంది. పిట్టల సంగతే అనుకుంటాను. నేను తల ఊపాను. వ్యాన్ మలుపు తిరిగాక లోపలికి వచ్చి, అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, ఆ కెటిల్ తీసి చెత్తబుట్టలో పడేశాను. మాడిపోయిన కెటిలే, ఎప్పుడో పారెయ్యాల్సింది.

బయలంతా కోసేశారు, పల్లం ఒక్కటే మిగిలింది. నున్నగా గీసిన బయలు చివర ఆ ఒత్తు గడ్డి ముక్క. నాకు కొత్త జోడీగా రిటైరైన లెక్కల మాస్టారిని పంపారు. మంచాయన. పిట్టల కంటే నా భవిష్యత్తు గురించి ఎక్కువ బెంగ పడేవారు. "ఇంత చిన్న వయసులో ఒక్కదానివే ఎలా ఉంటావమ్మా" అని రోజూ అడిగేవారు. ఆయన అడిగినంతసేపూ ఒక్క పిట్టా కూసేది కాదు. పల్లంలో పిల్లలు ఎగరడం మేమిద్దరం చూశాం. తల్లి ముందు, బొంగరాల్లా ఊగుతూ మూడు పిల్లలు వెనక. మాస్టారు చప్పట్లు కొట్టారు. నాకు పక్కకు తిరిగి ఒకరికి చెప్పాలనిపించింది. పక్కన ఆయనే ఉన్నారు.

ఇంటికొచ్చి రెండో గది తలుపు వేసేదాన్ని. తెరిచి ఉంటే ఖాళీ కనపడుతుంది, వేసి ఉంటే లోపల ఎవరో ఉన్నట్టుంటుంది. వేసి ఉంచడమే నయమని తేల్చుకున్నాను.

అత్తయ్య ఫోన్ చెయ్యడం మొదలుపెట్టింది తర్వాత. పొద్దున్నే చేసేది, ఆ ఇంట్లో ఎవరూ లేవకముందు. బాల్కనీలో నిలబడి గొంతు తగ్గించి మాట్లాడేది. తిన్నావా, వాన పడిందా, మాస్టారు ఇంకా బెంగ పడుతున్నాడా. ఆ ఇంటి గురించి ఆవిడ చెప్పేది కాదు, నేను అడిగేదాన్ని కాదు. ఆ ఇంట్లో ఇంకో ఆవిడ ఉందని, ఆవిడ వండింది మా అత్తయ్య తింటుందని నాకు తెలుసు. తెలిసినదాన్ని మళ్ళీ అడగడం దేనికి.

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున ఫోన్ చేసి, "ఏమే, ఒక పిట్ట వచ్చింది" అంది, ఊపిరి బిగబట్టినట్టు. "రెయిలింగ్ మీద కూర్చుంది. మట్టిరంగు. వీపు మీద చారలున్నట్టున్నాయి, ఇంకా సరిగ్గా తెల్లారలేదు. ముక్కు ఆడిస్తోంది గానీ నాకేం వినపడ్డం లేదు. ఇంత ఊళ్ళోకి ఎలా వచ్చిందే ఇది?"

"ఏ పిట్ట అత్తయ్యా?"

"తెలియదు" అంది. ఎన్నాళ్ళకో విన్నాను ఆ మాట. "ఉండు, ఫోన్ దగ్గరగా పెడతాను. నువ్వు విని చెప్పు."

ఫోన్ గాల్లోకి వెళ్ళింది. బండ్ల రొద, ఎక్కడో నీళ్ళు పడుతున్న చప్పుడు. దాని మీద పిట్ట గొంతు, కిచకిచమని, దగ్గరగా, స్పష్టంగా. నేను చెప్పబోతున్నాను. అప్పుడే వెనకనుంచి తలుపు చప్పుడైంది, మా ఆయన గొంతు వినపడింది. ఆయన నన్ను వదిలి వెళ్ళిపోయాక ఆ గొంతు మళ్ళీ వినడం అదే.

"అమ్మా, చలిలో ఏం చేస్తున్నావే? లోపలికి రా, కాఫీ చల్లారిపోతోంది." నిద్రమత్తు గొంతు. ఏ కష్టమూ లేని గొంతు. లోపలినుంచి ఎవరో నవ్వారు, ఆయనా నవ్వాడు.

తలుపు మళ్ళీ మూసుకుంది. అత్తయ్య ఫోన్ మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది.

"విన్నావా?" అంది.

"విన్నాను. పిచ్చుక అత్తయ్యా."

"ఉత్త పిచ్చుకేనా?"

"ఉత్త పిచ్చుకే."

ఆ తర్వాత ఆవిడ చాలా నెమ్మదిగా అడిగింది.

"ఇంకేమైనా వినపడిందా?"

"లేదు అత్తయ్యా" అన్నాను. "పిచ్చుక ఒక్కటే."